సున్నం రుద్దిన మెడతాడు

కొండ కింద జంతువులకి సొంత కళ్లం ఒకటి ఉండేదండి. మనుషులు కోత కోసుకుని వెళ్లాక చేలో మిగిలిన జొన్న కంకులు ఏరి తెచ్చుకునేవి. మధ్యలో ఒక గుంజ. పశువులన్నీ ఒకే పలుపుకి వరసగా కట్టుకుని దాని చుట్టూ తిరుగుతూ తొక్కేవి. ఆ వరసనే బంతి అంటారు. గింజలు కోళ్లకీ మేకలకీ, చొప్ప పశువులకీ. వేసవంతా అదే తిండి మరి.

బంతికి పెద్ద, వీరన్న అనే ముసలెద్దు. పోయినేడు వీరన్న బుస కొడితే అందరూ అడుగు పెంచాలి. ఆ తొందరలో ఓ మేకపిల్ల కాలు నలిగింది. దాంతో ఈ ఏడు పద్ధతి మార్చేశాడు. బుస కొడితే ఉన్నచోటే ఆగిపోవాలి, అప్పుడు మేకలు కాళ్ల మధ్యకి దూరి చొప్ప తిరగేస్తాయి. ఈ కొత్త నడక నేర్చినవాళ్లకి మెడలో ఎర్రతాడు. పాత నడకే వచ్చినవాళ్లది పసుపు తాడు. తిరిగే బంతిని ఆపరు కదా, ఒకరు అలిసి బయటికొస్తే ఇంకొకరు నడుస్తూనే దూరాలి. అందుకని వాకిట్లో చుక్కల కుక్క కూర్చుని మెడలు చూసి, ఎర్రతాడుంటేనే పంపేది.

ఇక గంగులు సంగతి. పోయినేడు వీరన్న పక్కన నడిచిన ఎద్దు ఈ గంగులే. కొత్త నడక నేర్చుకోరా అని వీరన్న రెండుసార్లు కబురంపాడు. నిన్నగాక మొన్నొచ్చిన గేదె నీలి పక్కన నిలబడి నేను పాఠాలు చెప్పించుకోవాలా అని వెళ్లలేదు. తీరా చూస్తే వీరన్న పక్క చోటు నీలికే ఇచ్చారు. ఇంకేముంది, కళ్లల్లో నిప్పులు పోసుకున్నాడు. దానికి పెట్టిన చొప్ప ఎక్కువనిపించేది. అది తోక ఊపినా తనని వెక్కిరించినట్టే ఉండేది.

కళ్లం చెదిరితే కోళ్లూ చెదురుతాయని ఆశపడే నక్క ఇదంతా కనిపెట్టింది.

"ఏం గంగులు మావా, నీ చోట్లో గేదె భలే కులుకుతోందే?"

"దాని నడకా ఒక నడకేనా? తాడు ఎర్రగా ఉంది, అంతే."

"అంతేగా మరి. పసుపుకి సున్నం తగిలితే ఏమవుద్ది మావా?"

గంగులు అటూ ఇటూ చూసి, ఊరి చివర కొత్తగా సున్నం కొట్టిన గోడ దగ్గరికెళ్లి మెడ పరపరా రుద్దాడు. తాడు పారాణిలా ఎర్రబడింది.

ఆ మధ్యాహ్నం పడమట మబ్బు కమ్మింది. వాన పడేలోపు కుప్ప తొక్కేయాలని అందరికీ కంగారు. ఒక దూడ అలిసి బయటికి రాగానే గంగులు ముందుకొచ్చాడు. కుక్క మెడ చూసింది. ఎరుపే. పోనిచ్చింది.

మొదట ఏ తేడా తెలియలేదు. అదే గుంజ, అదే పలుపు, కాళ్లు వాటంతటవే పడుతున్నాయి. దీనికేనా ఇంత రాద్ధాంతం అని గంగులు లోపల నవ్వుకుంటూ నీలిని ఓరగా చూశాడు. సరిగ్గా అప్పుడే వీరన్న బుస కొట్టాడు.

అందరూ ఆగారు. మేకలు దూరాయి. గంగులు మాత్రం రెట్టింపు జోరుతో ముందుకు ఉరికాడు. పలుపు బిగిసి వరసంతా ఒకరి మీద ఒకరు పడ్డారు. వీరన్న మోకాళ్ల మీద కూలాడు. ఓ మేకపిల్ల గంగులు గిట్టల కిందకే వచ్చింది, నీలి అడ్డంగా ఒరిగి తన డొక్కకి ఆ దెబ్బ కాసుకుంది. పలుపు విప్పి మళ్లీ మొదట్నుంచి కట్టేలోపు వాన దంచేసింది. సగం కుప్ప తడిసి ముద్దయింది. కోళ్లేమో గుంజెక్కి కూర్చున్నాయి. నక్కకి ఈకైనా దక్కలేదు.

వానకి సున్నం కారిపోయి గంగులు తాడు మళ్లీ పసుపు తేలింది. వీరన్న దాన్ని చూసి కూడా తిట్టలేదు.

"నేను బుస కొడితే నీకేం వినపడిందిరా?"

"పోయినేడు వినపడిందే వినపడింది అన్నా," అన్నాడు గంగులు తల వంచుకుని.

నీలి డొక్క నాక్కుంటూ, "నేర్చుకునేటప్పుడు నా పక్కన నిలబడితే సరిపోయేదిగా అన్నా, ఇప్పుడు నా మీద పడే బదులు," అంది.

ఆ రోజు నుంచి చుక్కల కుక్క మెడలు చూడటం మానేసింది. ఎవరొచ్చినా తనే ఒక బుస కొట్టి, కాళ్లు చూస్తుంది.

చోటు కోసం కుళ్లుకోవడం కన్నా నడక నేర్చుకోవడం తేలిక.