వేళ్లతో పీకిన గడ్డి

అనగా అనగా ఒక కొండ. ఆ కొండవాలులో ఒక గుడిసె. అందులో సింగారి అనే కోడలూ, పోలమ్మ అనే అత్తా ఉండేవారు. సింగారి మగడు పాము కరిచి పోయాడు. నాటి నుంచి వాళ్లకు ఒకరికొకరే దిక్కు. కొండగడ్డి తెచ్చి, చీపుళ్లు కట్టి, సంతలో అమ్ముకునేవారు.

పోలమ్మ ఎప్పుడూ గడ్డిని కొడవలితో కోసేది. దుబ్బు మిగిలేది, వానలకు మళ్లీ చిగిర్చేది. ఆమె చేతులు వణకడం మొదలయ్యాక ఆ పని కోడలి మీద పడింది. కోయడం నిదానం, పీకడం సులువు. సింగారి వేళ్లతో సహా పీకసాగింది. రోజుకు ఒక్క మోపు.

“వేళ్లతో సహా పీకకే తల్లీ!” అంది అత్త.

“ఇంత కొండకి ఒక మోపు ఓ లెక్కా అత్తా?” అని నవ్వింది సింగారి.

మొదటి ఏడు కముజుపిట్ట ఎదురొచ్చింది. “సింగారీ, గుడ్లు పెట్టుకోవడానికి ఒక్క దుబ్బూ లేదు. మేం పోతున్నాం,” అంది.

“అవతలి వాలున బోలెడు గడ్డి. పోయి సుఖంగా ఉండు,” అంది సింగారి.

రెండో ఏడు వాలు మట్టి కొట్టుకొచ్చి, వాళ్లు తాగే ఊటనీళ్లు ఎర్రబడ్డాయి. అత్త కొంగుతో వడగట్టుకుని తాగుతుంటే సింగారి గుండె కలుక్కుమంది. రేపటి నుంచి కోద్దామనుకుంది. తెల్లారితే సంత. ఆలస్యమవుతుందని మళ్లీ పీకింది.

మూడో ఏడు ఆషాఢంలో ముసురు పట్టింది. సింగారికి జ్వరం.

“నువ్వు లేవకు. నీళ్లు నేను తెస్తా,” అని పోలమ్మ బిందె పట్టుకుని ఊటకు వెళ్లింది.

కాసేపటికి కొండ మూలిగింది. పట్టి ఉంచే వేరు లేక ఊట పైనున్న వాలంతా జారి దాని మీద పడింది.

సింగారి ఒళ్లు కాలుతూనే పరుగెత్తింది. గోళ్లు చిట్లేదాకా మట్టి తోడింది. ఊరివాళ్లు వచ్చి పోలమ్మను బయటికి తీసేసరికి ఊపిరి లేదు.

“ఏం చేస్తాం, దేవుడు రాసిన రాత,” అన్నాడు ఊరిపెద్ద.

“కాదు బాబూ. నేను రోజూ కొంచెం కొంచెంగా రాసిన రాత,” అంది సింగారి.

ఆ తర్వాత ఆమె అవతలి వాలు నుంచి దుబ్బులు తెచ్చి నాటడం మొదలుపెట్టింది. తల నెరిసేనాటికి కొండ పచ్చబడింది. “ఎంత మంచి పని చేశావు పెద్దమ్మా!” అని ఎవరన్నా అంటే ముఖం తిప్పుకునేది. గడ్డి మళ్లీ వచ్చింది. అత్త రాలేదు.

కాబట్టి పిల్లలూ, రోజూ చేసే పని ఏదీ చిన్నది కాదు; మేలైనా కీడైనా అది పోగవుతూనే ఉంటుంది.