మైనం పూసిన కుండ

అనగనగా ఒక అడవి. అలాంటిలాంటి అడవి కాదర్రా! వానాకాలంలో కాలు పెడితే బురద, ఎండాకాలంలో కాలు పెడితే బొబ్బ. ఆ అడవిలో ఒక రాళ్ళగుట్ట. ఆ గుట్ట కింద ఒక బొరియ. ఆ బొరియలో ఒక ముళ్ళపందుల సంసారం.

ఇంటికి పెద్ద వెంగమ్మ. ఆమె కొడుకు కోటయ్య, కోడలు నాంచారి. వాళ్ళకి ముగ్గురు పిల్లలు. అందరిలోకీ చిన్నవాడు పండు. వాడి ముళ్ళు ఇంకా గట్టిపడలేదు గానీ నోరు మాత్రం బాగా గట్టిపడింది.

నాంచారి మంచి పనిమంతురాలు. కానీ పెళ్ళయి ఏడేళ్ళయినా వెంగమ్మకి ఆమె ఇంకా కొత్త కోడలే. "నీ చేతిలో నీళ్ళు నిలవవే తల్లీ!" అని రోజుకి ఒక్కసారైనా అనేది. నిజం చెప్పొద్దూ, ఆ మాట నాంచారికి సూదిలా గుచ్చుకునేది. ఒళ్ళంతా ముళ్ళున్నదానికి గుచ్చుకోవడమేమిటని నవ్వకండి. మాట గుచ్చుకోవడానికి ఏ ఒళ్ళయినా ఒకటే.

ఆ ఇంట్లో నీళ్ళంటే అంత జాగ్రత్త ఎందుకో చెబుతాను వినండి. గుట్ట పక్కన వాగు ఉండేది. ఉగాది దాటిందంటే అందులో ఇసుకే మిగిలేది. అందుకని వాగు ఎండకముందే అందరూ కలిసి నీళ్ళు మోసి, లోపలి గదిలో అయిదు బానలు నింపి, మూతలు పెట్టుకునేవాళ్ళు. తొలకరి పడేదాకా తాగినా వండుకున్నా ఆ నీళ్ళే. అవి ముందే అయిపోయాయో, ఇల్లు వదిలి, పిల్లల్ని వెంటేసుకుని, మూడు కోసుల దూరంలో ఉన్న మడుగుకి పోవాలి. దారిలో నీడ లేదు. తోడేళ్ళు మాత్రం ఉన్నాయి.

ఆ ఏడు ఎండలు ముదురుతుండగా అవతలి గుట్ట నుంచి కబురొచ్చింది. వెంగమ్మ కూతురికి నెలలు నిండాయట. పురుడు పొయ్యడానికి వెంగమ్మ మూట కట్టుకుంది. గుమ్మం దాటుతూ కోడల్ని పిలిచి మూడు పనులు అప్పజెప్పింది.

"పొద్దున్నే గుమ్మానికి కట్టిన వట్టివేళ్ళ తడిక మీద రెండు చెంబుల నీళ్ళు చల్లు. సాయంత్రం ఇంటి మీద పాకిన బీరపాదుకి ఒక కడవ పొయ్యి. తాగే నీళ్ళ కుండని ఇసుక మీదే ఉంచు, దాని జోలికి పోకు. విన్నావా?"

"విన్నానత్తయ్యా. మీరు జాగ్రత్తగా వెళ్ళిరండి," అంది నాంచారి.

అత్తగారి ముళ్ళ గలగల వినబడనంత దూరం వెళ్ళగానే నాంచారి నడుం బిగించింది. "ఈ నెల్లాళ్ళూ ఇంటి పెత్తనం నాదే. అత్తయ్య తిరిగొచ్చేసరికి ఒక బానకి బాన మిగిల్చి చూపిస్తాను. అప్పుడేమంటుందో చూద్దాం!" అనుకుంది.

మర్నాడు చెంబు తీసుకుని తడిక ముందు నిలబడింది. చేతిలో నీళ్ళ వంకా చూసింది, తడిక వంకా చూసింది. "ఎండిపోయిన వేళ్ళకి రోజూ రెండు చెంబులా? దీనికేమైనా దాహమేస్తుందా?" అనుకుంది. నీళ్ళు తీసుకెళ్ళి మళ్ళీ బానలోనే పోసింది.

మధ్యాహ్నం కోటయ్య దుంపలు తవ్వుకుని వచ్చాడు. "ఇవాళ ఇల్లు ఉక్కగా లేదూ?" అన్నాడు.

"ఎండాకాలం ఉక్కపోయక చలేస్తుందా?" అంది నాంచారి.

కోటయ్య మరి మాట్లాడలేదు. పెళ్ళయిన ఏడేళ్ళలో ఆయన నేర్చుకున్నది అదొక్కటే.

నాలుగు రోజులయ్యాక నాంచారి కళ్ళు బీరపాదు మీద పడ్డాయి. "కాయలెప్పుడో అయిపోయాయి. కాయని పాదుకి కడవెడు నీళ్ళా? మనకే కటకటగా ఉంటే!" అనుకుంది. ఆ సాయంత్రం నుంచి పాదుకి నీళ్ళు కట్. వారం తిరక్కుండా ఆకులు ముడుచుకుని రాలిపోయాయి. ఇంటి కప్పు రాళ్ళ మీద ఎండ తిన్నగా పడింది. పొద్దున ఎక్కిన వేడి సాయంత్రమైనా దిగేది కాదు. పిల్లలు గోడకి ఆనుకోబోయి "అబ్బా!" అని ఎగిరి దూకేవాళ్ళు.

ఇక మిగిలింది కుండ. ఒకరోజు ఇల్లు ఊడుస్తూ నాంచారి దాన్ని పరకాయించి చూసింది. కుండ చుట్టూ నీటి చెమ్మ. కింద ఇసుక తడి. ఆమె గుండె గుభేలుమంది. "అయ్యయ్యో! కళ్ళముందే నీళ్ళు కారిపోతుంటే ఇన్నాళ్ళూ చూస్తూ ఊరుకున్నామా! అత్తయ్యకి నా చెయ్యి కనబడింది గానీ ఈ కుండ కనబడలేదు!" అనుకుంది. కొంచెం సంతోషం కూడా వేసింది.

వెంటనే పక్క గుహలో ఉండే ఎలుగుబంటి గంగన్న దగ్గరికి పరుగెత్తింది.

"గంగన్నా, కాస్త మైనం పెడతావా?"

"మైనమా? తేనె అడుగుతావేమోనని హడలిపోయాను. బతికించావు తల్లీ! ఎంత కావాలంటే అంత తీసుకో. ఇంతకీ ఎందుకు?"

"కుండ ఊరిపోతోంది. పైన పూత పూస్తాను."

"నాకేం తెలుసమ్మా? నా ఇంట్లో కుండే లేదు," అన్నాడు గంగన్న.

నాంచారి మైనం కరిగించి, కుండకి అడుగు నుంచి మెడ దాకా దట్టంగా పూసింది. మర్నాడు చూస్తే ఇసుక పొడిగా ఉంది. ఒక్క చుక్క కారలేదు. తనని తానే మెచ్చుకుంటూ ఆ రోజంతా కూనిరాగాలు తీసింది.

రాగాలు ఒక్క రోజే. కుండలో నీళ్ళు వేడెక్కాయి. పండు గ్లాసు నోట్లో పెట్టి తుపుక్కున ఉమ్మేశాడు.

"అమ్మా, ఇవి తాగే నీళ్ళా, స్నానం నీళ్ళా?"

"నోర్మూసుకుని తాగు. నీళ్ళు దొరకడమే గొప్ప!"

పాపం, పిల్లలు తాగేవాళ్ళు. ఎంత తాగినా దాహం తీరేది కాదు. కాసేపటికే మళ్ళీ "అమ్మా, నీళ్ళు!" అనేవాళ్ళు. ఇంట్లో ఉక్కకి రోజుకి రెండుసార్లు ఒళ్ళు తడుపుకోవలసి వచ్చేది. మూడో బాన మూత తీసిన రోజు నాంచారికి అనుమానం వచ్చింది. ఇన్ని చోట్ల ఆదా చేస్తుంటే నీళ్ళు ఇంత తొందరగా ఎందుకు తరుగుతున్నాయి? ఎంత ఆలోచించినా అంతు చిక్కలేదు. "పిల్లలే ఒలకబోస్తున్నారు," అనుకుని, వాళ్ళనే నాలుగు కేకలేసింది.

రోహిణి కార్తె వచ్చింది. ఒక మిట్టమధ్యాహ్నం పండు ఎండి విడిపోయిన తడిక పక్కనుంచి బయటికి జారుకున్నాడు. ఇంట్లో కన్నా బయటే నయమనిపించింది వాడికి. వాగు ఇసుక తవ్వితే చల్లటి నీళ్ళు దొరుకుతాయేమోనని ఆశ. ఎర్రటి ఎండలో తవ్వాడు, తవ్వాడు. నీళ్ళు దొరకలేదు. అక్కడే పడిపోయాడు.

గంగన్న చూశాడు కాబట్టి సరిపోయింది. వాణ్ణి రెండు చేతులా ఎత్తుకుని ఆయాసపడుతూ వచ్చాడు.

"నాంచారమ్మా! పిల్లాడికి వడదెబ్బ తగిలింది. ఒళ్ళు కాలిపోతోంది, చూడు!"

నాంచారి పరుగెత్తుకొచ్చింది. పండు కళ్ళు సగం మూసుకుపోయి ఉన్నాయి. పిలిస్తే పలకడం లేదు. "నా తండ్రీ, ఒక్కసారి అమ్మా అనరా! నీళ్ళు మొత్తం నువ్వే ఒలకబోసుకో, నేనేమీ అనను," అని వాడి మొహంలో మొహం పెట్టి ఏడ్చింది. ఆ క్షణాన ఆమెకి బానలూ గుర్తు లేవు, అత్తగారూ గుర్తు లేదు.

కోటయ్య బాన మూత తీసి కడవ నింపుకొచ్చాడు. నాంచారి పాత గుడ్డ తడిపి, ముళ్ళు లేని పొట్ట మీద పరిచింది. గంగన్న తాటాకు విసనకర్రతో విసరసాగాడు. గుడ్డ చూస్తుండగానే ఆరిపోయింది. మళ్ళీ తడిపింది. మళ్ళీ ఆరిపోయింది. ఎన్నిసార్లు తడిపిందో లెక్కే లేదు. పొద్దు వాలుతుండగా పండు కళ్ళు తెరిచాడు.

"అమ్మా, చల్లగా ఉందే," అన్నాడు సన్నగా.

నాంచారి వాణ్ణి ఒళ్ళోకి తీసుకుని, ఉప్పు వేసిన గంజి కొద్దికొద్దిగా తాగించింది. కొంతసేపటికి వాడు అక్కనీ అన్ననీ వెక్కిరించే పనిలో పడ్డాడు. హమ్మయ్య, గండం గడిచిందని అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

అప్పుడు నాంచారి చేతిలోని గుడ్డ వంక చూసింది. "గంగన్నా, ఈ గుడ్డకి కడవెడు నీళ్ళు పట్టాయి. ఒక్క చుక్క కింద పడలేదు. ఎవరూ తాగలేదు. మరి ఏమైనట్టు?"

"ఏముంది, ఆరిపోయాయి. గాల్లో కలిసిపోయాయి," అన్నాడు గంగన్న.

"ఊరికే పోలేదన్నా! పోతూ పోతూ పిల్లాడి ఒంట్లో వేడిని వెంట తీసుకుపోయాయి."

ఆ మాట అంటూనే ఆమె చూపు గుమ్మం వైపు తిరిగింది. అక్కడి నుంచి ఇంటి కప్పు వైపు, చివరికి కుండ వైపు. కుండకి ఊరే చెమ్మ లోపలి నీళ్ళ వేడిని బయటికి మోసుకుపోయేది. తడిక మీది తడి వడగాలి వేడిని తీసేసేది. పాదు తాగిన నీళ్ళు ఆకులై ఇంటికి గొడుగు పట్టేవి. తను వృథా అనుకున్న ఆ కాసిని నీళ్ళే ఇంటిల్లిపాదికీ కాపలా కాశాయి. కాపలావాళ్ళని తరిమేసి, తలుపు భద్రంగా ఉందని మురిసిపోయింది.

"ఎంత తెలివితక్కువ పని చేశాను!" అని గభాలున లేచింది. తన ముల్లే ఒకటి పీక్కుని, కుండ మీది మైనం గీకడం మొదలుపెట్టింది. కోటయ్య తడిక సర్ది, నీళ్ళు చల్లాడు. పెద్దపిల్లలిద్దరూ గిన్నెలు కడిగిన నీళ్ళు తీసుకెళ్ళి పాదు మొదట్లో పోశారు. పాదు వేరు ఇంకా బతికే ఉంది. పది రోజుల్లో లేత చిగురు వేసింది.

మైనం పోయిన కుండ మళ్ళీ చెమర్చింది. చల్లటి నీళ్ళు గ్లాసెడు తాగితే పిల్లలు గంటసేపు నీళ్ళ ఊసెత్తేవాళ్ళు కారు. బానలో మట్టం మునుపటికన్నా నెమ్మదిగా దిగసాగింది.

వెంగమ్మ తిరిగొచ్చేసరికి ఒక నిండు బాన, మరో సగం బాన మిగిలాయి. ఆమె లోపలికి వస్తూనే అన్నీ చూసింది. ఆ కళ్ళకి దొరకనిది ఏముంటుంది?

"కుండ మీద ఈ గీతలేమిటే?" అంది.

పిల్లలు గీశారని చెప్పెయ్యొచ్చు. నాంచారి నాలుక చివరిదాకా ఆ మాట వచ్చింది కూడా. కానీ పండు పక్కనే నిలబడి ఉన్నాడు. వాడి మొహం చూసి ఆమె అబద్ధం ఆడలేకపోయింది. మైనం సంగతి, తడిక సంగతి, పాదు సంగతి, పిల్లాడు పడిపోయిన సంగతి, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పింది. ఎందుకలా అయిందో, గుడ్డ ఆరిపోతుంటే తనకి ఎలా అర్థమైందో అది కూడా చెప్పింది. చెప్పి, తిట్ల కోసం తల వంచుకుని నిలబడింది.

వెంగమ్మ మనవణ్ణి దగ్గరికి లాక్కుని వాడి పొట్ట తడిమింది. తరవాత నెమ్మదిగా అంది.

"తప్పు నీ ఒక్కదానిదే కాదే. ఏం చెయ్యాలో చెప్పాను గానీ ఎందుకో చెప్పలేదు. చెప్పడానికి నాకు తెలిస్తేగా! మా అత్తగారు చల్లమంది, ముప్పై ఏళ్ళు చల్లాను. ఎందుకత్తయ్యా అని నేను అడగలేదు. ఇవాళ నువ్వు చెబితే తెలిసింది."

నాంచారి తలెత్తి చూసింది. అత్తగారి కళ్ళలో నీళ్ళు.

"పిల్లల్ని కూర్చోబెట్టవే," అంది వెంగమ్మ. "ఇప్పుడు నాకు చెప్పింది వాళ్ళకీ చెప్పు. నేనూ వింటాను, మళ్ళీ ఒకసారి."

ఆ ఏడు తొలకరి పది రోజులు ఆలస్యంగా పడింది. గుట్ట మీద చాలా కుటుంబాలు మడుగు దారి పట్టాయి. నాంచారి ఇంట్లోవాళ్ళు మాత్రం తమ బానలో నీళ్ళు తాగుతూనే తొలివాన చినుకులు చూశారు.

నీతి: పొదుపు చెయ్యాలనుకున్నప్పుడు, ముందు ఆ ఖర్చు మనకి ఏం మేలు చేస్తోందో తెలుసుకోవాలి. తెలిసినవాళ్ళు దాన్ని పిల్లలకి కూడా విప్పి చెప్పాలి.