హబ్బు మీద అక్షింతలు

చక్రం ఎక్కించే ముందు పైడయ్య మేస్త్రికి ఒక అలవాటు ఉండేది. హబ్బు మీద, అంటే చక్రం వెళ్ళి ఆనుకునే ఇనప పళ్ళెం మీద, అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని మెల్లగా చుట్టూ తడిమేవాడు. ఆ సమయంలో పెదాలు కదిలేవి. అనకాపల్లి బైపాసు పక్కన ఆ రేకుల షెడ్డులో ముప్పై ఏళ్ళుగా టైర్లు బిగించిన మనిషి. ఎంత తొందరలో ఉన్న కారువాడైనా ఆ అరనిమిషం నోరు మూసుకుని నిలబడేవాడు. నేనూ నిలబడ్డాను.

ఆయన శిష్యుడు సూరిబాబు. పనిచేసే చక్కెర మిల్లు మూతపడితే, ముప్పై ఆరో ఏట, ఇద్దరు ఆడపిల్లల తండ్రి, స్పానరు పట్టడం నేర్చుకుందామని వచ్చాడు. ఆ వయసులో శిష్యరికం అంటే మాటలు కాదు. అందుకేనేమో గురువంటే అతనికి ప్రాణం. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాడు.

"గురువుగారూ, హబ్బు మీద సెయ్యేసి ఏ మంత్రం సదువుతారు?"

"సెయ్యేసి సూడు, తెలుస్తాది," అన్నాడు మేస్త్రి.

మంత్రం అంత సులువుగా చెప్పరు కాబోలు అనుకున్నాడు సూరిబాబు. భక్తి ఎక్కువైన చోట మనిషి సగం మాటే వింటాడు.

దసరాకు మేస్త్రి కూతురింటికి వెళుతూ షాపు అతని చేతిలో పెట్టాడు. ఆయుధపూజ అయిన కాసేపటికే నర్సమ్మ అనే ఆవిడ కారు వచ్చింది, చక్రాల తూకం సరిచూడమని. సొంత బండి, తనే డ్రైవరు. మంగళవారం, శుక్రవారం ఒక ముసలావిడను రక్తం శుద్ధి చేయించడానికి విశాఖ తీసుకువెళ్ళి తెస్తుంది. గురువు పక్కన లేకుండా సూరిబాబు చేసిన మొదటి బండి అదే. ముందు చక్రాలు విప్పి, బురద కడిగి, తూకం కోసం అంచుకు తగిలించిన పాత సీసం ముక్కలన్నీ పీకి, తేడా చూపించే మిషను మీద తిప్పాడు. కొత్త ముక్కలు పెట్టాక తేడా సున్నా అని చూపించింది. అక్కడితో ఆగి ఉంటే ఈ కథే లేదు. రోగిని మోసే బండి, ఏ కీడూ తగలకూడదని, పూజ పళ్ళెంలోంచి తడి అక్షింతలు తెచ్చి హబ్బుల మీద చిటికెడు చొప్పున అద్ది, పైన చక్రాలు బిగించేశాడు.

మర్నాడే నర్సమ్మ తిరిగొచ్చింది. "తమ్ముడూ, ఎనభై దాటితే స్టీరింగు వణికిపోతంది."

మళ్ళీ విప్పాడు. మిషను మళ్ళీ సున్నానే చూపించింది. మొదటి చిటికెడు చాలలేదేమోనని ఇంకో చిటికెడు అద్దాడు, మహానుభావుడు. ఈసారి అరవైకే వణుకు మొదలైంది. భయపడి నర్సమ్మ నలభైలో నడిపితే ఆసుపత్రిలో వంతు దాటిపోయింది. వాచిన కాళ్ళతో ముసలావిడ సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చుంది. ఆ మాట విన్న రోజు సూరిబాబుకు ముద్ద దిగలేదు.

శుక్రవారం పొద్దున్న మేస్త్రి వచ్చేసరికి నర్సమ్మ కారు షెడ్డులో ఉంది. సూరిబాబు సంచి సర్దుకుని ఉన్నాడు.

"శ్రద్ధగానే సేసాను గురువుగారూ. అయినా తప్పు జరిగిపోయింది. నా సెయ్యే మంచిది కాదు. సెలవిప్పించండి," అని కాళ్ళకు వంగాడు.

మేస్త్రి కాళ్ళు వెనక్కి తీసుకున్నాడు. "ముందు సక్రం ఇప్పు."

రెండు నట్లు బలం పెట్టకుండానే తిరిగొచ్చాయి. మిగిలినవీ వదులైతే దారిలో ఏమయ్యేదో ఎవరూ చెప్పనక్కర్లేదు.

"కళ్ళు మూసుకుని సెయ్యెయ్యి," అన్నాడు మేస్త్రి.

అరచెయ్యి చుట్టూ తిరుగుతూ ఒకచోట ఆగిపోయింది. నలిగిన బియ్యం, పసుపు కలిసి, గిన్నెకు అడుగంటిన అన్నంలా గట్టిపడి ఉన్నాయి.

"ఏటి తగిలింది?"

"అక్షింతలండి. నేనే ఏసాను. మీరు మంత్రం సదివే సోటు కదా అని..."

"మంత్రమేటిరా! దుమ్మో తుప్పో ఉందేమో అని సూసుకుంటాను. ఉంటే సక్రం సమంగా ఆనదు, ఊగుతాది."

"మరి పెదాలు కదుల్తాయి కదండీ?"

"బీడీ మానేసిన కాడినుంచీ అదో అలవాటు."

నర్సమ్మ పకపకా నవ్వింది. అంతలోనే కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "నా బండి కోసమేనా తమ్ముడూ అదంతా?" అంది.

మేస్త్రి తీగల బ్రష్షు శిష్యుడి చేతికిచ్చాడు. సూరిబాబు రెండు హబ్బులూ తెల్లగా మెరిసేదాకా రుద్ది, మళ్ళీ కళ్ళు మూసుకుని తడిమాడు. నట్లు వేళ్ళతో ఎక్కించి, ఎదురెదురుగా బిగించి, జాకీ దించి చక్రం నేలకు ఆనాక ఆఖరి పట్టు పట్టాడు. నర్సమ్మ బైపాసు మీద తొంభైలో ఒక చుట్టు తిరిగొచ్చింది. కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, వేళ్ళు చాచి, వణకడం లేదని చూపించి, ఆగకుండా అటే వెళ్ళిపోయింది. ముసలావిడ గుమ్మంలో ఎదురు చూస్తూ ఉంటుంది.

సూరిబాబు మళ్ళీ కాళ్ళకు వంగాడు. సెలవు కోసమో, క్షమాపణ కోసమో అతనికే తెలియదు. ఈసారి మేస్త్రి కాళ్ళు తీసుకోలేదు. దేవుడి పటం కింది పళ్ళెంలో మిగిలిన అక్షింతలు గుప్పిట పట్టి శిష్యుడి తల మీద చల్లాడు.

"పెళ్ళికొడుక్కి నెత్తినే ఎయ్యాల్రా ఇవి," అన్నాడు. "పీట కింద ఏస్తే కుదురుగా ఎలా కూకుంటాడు?"