గిజిగాడు సరిచేసిన నక్షత్రం

సముద్రం హోరు వినపడేంత దగ్గరలో అనగనగా ఒక సరుగుడు అడవి. వినండర్రా, మధ్యలో లేచి వెళ్ళేవాళ్ళు ఇప్పుడే వెళ్ళండి. ఇది నవ్వించే కథ కాదు. ముందే చెప్తున్నాను, తర్వాత నా మీద పడి ఏడవొద్దు.

ఆ అడవిలో జంతువులూ పక్షులూ ఏటా క్రిస్మస్ చేసుకునేవి. అడవి నడుమ ఉన్న పెద్ద సరుగుడు చెట్టే వాటి క్రిస్మస్ చెట్టు. దానికి కట్టేవి ఎక్కడినుంచో తెచ్చినవి కావు. ఎవరింట్లో వాళ్ళు చేసుకున్నవే. ఉడుతలు సరుగుడు కాయలకు నార చుట్టి గంటలు చేసేవి. కుందేళ్ళు బూరుగు దూదితో గొర్రెపిల్లలు చేసేవి. పిట్టలు వరిగడ్డితో నక్షత్రాలు అల్లేవి. పిట్టలకు చేతులెక్కడివి అని అడక్కండి. వాటికి ముక్కే చెయ్యి.

పండగ సాయంత్రం అందరూ చెట్టు కిందికి చేరేవాళ్ళు. అబ్రాము తాత అని ఒక ముసలి కొండముచ్చు ఉండేవాడు. ఆయన ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని, "ఎవరు చేశారర్రా ఇది?" అని అడిగేవాడు. చేసినవాళ్ళు లేచి పేరు చెప్పాలి. ఆయన ఆ పేరు అడవంతా వినపడేలా పిలిచి, అప్పుడు కొమ్మకు కట్టేవాడు. ఆ ఏడాది ఎవరైనా పోయినా సరే, వాళ్ళు చేసింది ఇంట్లో ఉంటే దానికి వాళ్ళ పేరే పిలిచేవాడు. చేసింది లేకపోతే మాత్రం పేరు లేదు. అది ఆ అడవి ఆచారం.

అడవి అంచున ఒక ఈతచెట్టుకు గిజిగాడి గూడు వేలాడుతుండేది. ఆ గిజిగాడి పేరు జెకర్యా. వాడి భార్య లేయమ్మ. వాళ్ళకు ఒక్కగానొక్క కూతురు, కెజియా.

అల్లిక అంటే ఆ చుట్టుపక్కల జెకర్యాదే. ఎంత గాలివాన వచ్చినా వాడి గూడు ఊగుతుందే గాని ఊడదు. మరి అంత పనితనం ఊరికే వచ్చిందా? గిజిగాళ్ళలో గూడు అల్లాల్సింది మగపిట్టే. ఆడపిట్ట వచ్చి లోపలా బయటా చూస్తుంది. నచ్చిందా, కాపురం. నచ్చలేదా, ఆ గూడంతా విప్పేసి మళ్ళీ మొదలుపెట్టాలి. లేయమ్మ తక్కువదా! మొదటి గూటికి గుమ్మం వంకర అంది. రెండోదానికి అడుగు పలచన అంది. మూడోది చూసి, "ఊఁ, ఫరవాలేదు" అంది. అప్పటికి పాపం జెకర్యాకు ముక్కు అరిగిపోయింది. అదిగో, అప్పుడు పట్టుకుంది వాడికో పాడు అలవాటు. ఎక్కడ వంకర అల్లిక కనపడినా ఊరుకోలేడు. విప్పి తిన్నగా అల్లితేగాని వాడి మనసు కుదుటపడదు.

కెజియా పుట్టినప్పటినుంచీ నీరసప్పిల్ల. రెక్కలొచ్చాయి గాని ఎగరలేకపోయింది. కాస్త రెక్కలాడిస్తే ఆయాసం. దానికి తోడు ఆ ఏడు తుఫాను మీద తుఫాను. డిసెంబరు వచ్చినా ముసురు వదల్లేదు. పిల్లకు దగ్గు పట్టుకుంది. గూటి గుమ్మం దగ్గర కూర్చుని, కింద ఉడుత పిల్లలు కాయలు ఏరుకుంటుంటే చూస్తూ ఉండేది.

ఒకరోజు అది, "నాన్నా, నేను కూడా చెట్టుకు కట్టేది చేస్తాను" అంది.

"నీకెందుకమ్మా శ్రమ? నేను చేస్తాగా" అన్నాడు జెకర్యా.

"ఊహూఁ, నేనే చెయ్యాలి. నేను ఎక్కడికీ ఎగరలేను కదా. ఈ అడవిలో సగంమందికి నేనున్నట్టే తెలీదు. తాత నా పేరు గట్టిగా పిలిస్తే అందరికీ తెలుస్తుంది."

జెకర్యా వెంటనే ఎగిరి వెళ్ళి మంచి సరుగుడు కాయ ఒకటీ, నాలుగు గడ్డిపోచలూ తెచ్చి కూతురి ముందు పెట్టాడు.

కెజియా దగ్గుకుంటూనే కాయ చుట్టూ గడ్డి చుట్టి గంట చేసింది. ఎత్తి చూపించింది. గంట ఒక పక్కకు ఒరిగిపోయి వేలాడింది. జెకర్యా ముక్కు ఊరుకోలేదు.

"అలా కాదమ్మా, ఇటివ్వు" అంటూ లాక్కుని, గడ్డంతా విప్పి మళ్ళీ చుట్టాడు. గంట తిన్నగా నిలబడింది. "చూశావా, ఇప్పుడెలా ఉందో!"

"బాగుంది నాన్నా" అంది కెజియా. "కానీ ఇది నువ్వు చేసింది కదా. నేను ఇంకోటి చేసుకుంటాను."

ఈసారి దూదితో గొర్రెపిల్ల చేసింది. తల పెద్దది, కాళ్ళు పుల్లల్లా సన్నం, తోక ఉండాల్సిన చోట లేదు. అది చేసి అలిసిపోయి మధ్యాహ్నం నిద్రపోయింది. లేచేసరికి గొర్రెపిల్ల ముద్దుగా, నీటుగా, తోకతో సహా నిలబడి ఉంది.

"నాది ఏది?" అని అటూ ఇటూ వెతికింది కెజియా.

"ఇదేనమ్మా, కాస్త సరిచేశానంతే" అన్నాడు జెకర్యా.

లేయమ్మకు ఒళ్ళు మండింది. మొగుణ్ణి పక్క కొమ్మ మీదికి పిలిచి, "ఏమయ్యా, నీకేమైనా మతిపోయిందా?" అంది. "గూడు వంకరగా ఉంటే పిల్ల కిందపడుతుంది. అందుకని నేను నీ గూటికి వంకలు పెట్టాను. గొర్రె వంకరగా ఉంటే ఎవరి సొమ్మేం పోయింది? నీ ముక్కు నువ్వు కాస్త అదుపులో పెట్టుకో."

"అది కాదే, నలుగురూ నవ్వుతారు. జెకర్యా కూతురు చేసింది ఇదా అంటారు."

"ఓహో! నీ పరువు కోసమన్నమాట" అంది లేయమ్మ. జెకర్యా తల దించుకున్నాడు గాని, మాట మనసుకు ఎక్కించుకోలేదు.

మూడోసారి కెజియా నక్షత్రం మొదలుపెట్టింది. అప్పటికి పిల్లకు ఒళ్ళు కాలిపోతోంది. కాసేపు అల్లేది, కాసేపు కళ్ళు మూసుకునేది. మళ్ళీ లేచి అల్లేది. వాళ్ళ నాన్న చూడకుండా గోడవైపు తిరిగి కూర్చునేది. అంతా అయ్యాక, "నాన్నా, దీన్ని ముట్టుకోనని చెప్పు" అంది.

"ముట్టుకోను తల్లీ."

"ఒట్టు?"

"ఒట్టు."

కెజియా నక్షత్రాన్ని రెక్క కింద దాచుకుని నిద్రపోయింది. దగ్గుకు ఏదో ఆకు దొరుకుతుందని లేయమ్మ వానలోనే బయటికి వెళ్ళింది. గూట్లో తండ్రీ కూతుళ్ళే మిగిలారు.

పిల్ల పక్కకు తిరిగేసరికి నక్షత్రం బయటికి జారింది. జెకర్యా చూశాడు. ఐదు మొనలున్నాయి. నాలుగు పొట్టివి, ఒకటేమో ఇంత పొడుగ్గా బయటికి పొడుచుకొచ్చింది. ఒక పోగు కొస ఊడి వేలాడుతోంది. వాడి ముక్కు దురద పెట్టింది.

'నక్షత్రాన్ని ముట్టుకోను. ఆ ఒక్క పోగు లోపలికి నెడతాను, అంతే' అనుకున్నాడు.

నెట్టాడు. నెట్టి, గట్టిగా ఉందా లేదా అని కొంచెం లాగాడు. పసిదాని అల్లికకు ముడి ఎక్కడుంటుంది? ఒక పోగు వెంట ఇంకో పోగు వచ్చేసింది. చూస్తుండగానే నక్షత్రం మొత్తం విడిపోయి ఉత్త గడ్డిపోచలైపోయింది.

కనీసం అప్పుడైనా పిల్లను లేపి, "తల్లీ, తప్పయిపోయింది" అని చెప్పొచ్చా, లేదా? మీరైతే చెప్పేవాళ్ళే. వాడు చెప్పలేదు. గబగబా ఆ గడ్డినే తీసుకుని అల్లేశాడు. ఐదు మొనలూ సమానంగా, ఎక్కడా ఒక పోగు బయటికి కనపడకుండా, చూసినవాళ్ళు కళ్ళు తిప్పుకోలేనట్టు అల్లాడు. అల్లి, మెల్లిగా పిల్ల రెక్క కింద పెట్టేశాడు.

కెజియా లేచింది. నక్షత్రాన్ని చూసింది. చాలాసేపు చూసింది. ఏడుస్తుందనుకున్నాడు జెకర్యా. ఏడవలేదు.

"నాన్నా, పొడుగు మొన ఏది?"

"అది పొరపాటున ఎక్కువైంది కదమ్మా, సరిచేశాను."

"పొరపాటు కాదు నాన్నా. ఆ మొన కిందికి చూపించాలి. యేసు పాపాయి ఏ పాకలో ఉన్నాడో చుక్కను చూసుకుంటూ వచ్చే జ్ఞానులకు అదే చెప్తుంది. అన్నీ ఒకలాగే ఉంటే వాళ్ళు ఎటని వెళ్తారు?"

జెకర్యా గబుక్కున లేచి, "ఇంకోటి చేద్దువుగాని తల్లీ. నేను ఇప్పుడే గడ్డి తెస్తాను. ఈసారి నీ జోలికి రానే రాను" అన్నాడు.

"ఇంక ఓపిక లేదు నాన్నా" అని కెజియా అటు తిరిగి పడుకుంది.

వాడు వానలో తడుస్తూ పొలాల దాకా పోయి, ఉన్నవాటిలో మెత్తటి గడ్డి ఏరి తెచ్చాడు. పిల్ల దాన్ని ముట్టుకోలేదు. నక్షత్రం సంగతి వాళ్ళమ్మకు కూడా చెప్పలేదు. తండ్రి మీద చాడీలు చెప్పే పిల్ల కాదది. పండగ ఇంకా రాకుండానే, ఒక ముసురు పొద్దున, లేయమ్మ ఎంత పిలిచినా కెజియా పలకలేదు. ఈతచెట్టు మొదట్లో ఇసక తవ్వి పిల్లను పడుకోబెట్టారు. ఉడుతలు వచ్చి కాసేపు నిలబడి వెళ్ళాయి.

ఏడవకండర్రా. ముందే చెప్పానా లేదా? రండి, దగ్గరికి జరగండి. ఇంకొంచెం ఉంది.

పండగ సాయంత్రానికి వాన తెరిపిచ్చింది. అందరూ సరుగుడు చెట్టు కిందికి చేరారు. ఉడుత పిల్లల గంటలు అడ్డదిడ్డంగా ఉన్నాయి. కుందేలు పిల్ల చేసిన గొర్రె గొర్రెలా లేదు, మబ్బుముక్కలా ఉంది. అయినా అబ్రాము తాత ఒక్కొక్కటీ ఎత్తి పట్టుకుని అడగడం, పిల్లలు ఎగిరి గంతేసి పేరు చెప్పడం, ఆయన గొంతు చించుకుని ఆ పేరు పిలవడం. పిలిచిన ప్రతిసారీ లేయమ్మ ఉలిక్కిపడుతోంది.

చివర్లో ఆమె లేచి, "తాతా, మా పిల్ల కూడా ఒక నక్షత్రం చేసింది" అంది. రెక్క కింద నుంచి జాగ్రత్తగా తీసి ఆయన చేతిలో పెట్టింది. మొగుడు ఒట్టేయడం విన్నది కదా, అది పిల్ల చేసిందేనని ఆమె నమ్మకం.

తాత దాన్ని పైకెత్తాడు. అందరూ నోళ్ళు తెరిచారు.

"అబ్బ, ఎంత చక్కగా ఉంది!" అంది ఒక ఉడుత తల్లి. "జబ్బుతో మంచాన పడి ఇంత పని చేసిందా తల్లి! తండ్రి పనితనం ఎక్కడికి పోతుంది!"

"ఎవరు చేశారర్రా ఇది?" అని అడిగాడు తాత. అడగడం ఆచారం కాబట్టి అడిగాడు. ఆయన కళ్ళు అప్పటికే చెమ్మగిల్లాయి.

జెకర్యా నోరు మూసుకుంటే చాలు. కెజియా పేరు అడవంతా మోగుతుంది. పిల్ల కోరింది అదే కదా! కానీ, "ఇది నువ్వు చేసింది కదా నాన్నా" అని అది ఎదురుగా నిలబడి అన్నట్టే అనిపించింది వాడికి.

"నేను చేశాను తాతా" అన్నాడు.

లేయమ్మ గిరుక్కున తిరిగింది. "మరి దానిది ఏది?"

"విప్పేశాను."

ఉడుత తల్లి కళ్ళు తుడుచుకుని, "పోనీలే తాతా, పసిదాని పేరే పిలువు. ఎవరేమంటారు?" అంది.

"వద్దు" అంది లేయమ్మ. "అది ముట్టనిదానికి దాని పేరు పెట్టొద్దు. బతికున్నప్పుడు అది ఒప్పుకోలేదు. పోయాక మనం ఒప్పించొద్దు."

తాత ఏం చేస్తాడు మరి? ఆచారం ఆచారమే. "జెకర్యా!" అని గట్టిగా పిలిచి, కొమ్మకు కట్టాడు. ఆ పేరు అడవంతా వినపడింది. తన పేరు అంత చేదుగా ఉంటుందని జెకర్యాకు ఆ రోజే తెలిసింది.

మర్నాడు పొద్దున్నే వాడు గుమ్మం దగ్గర, కూతురు కూర్చునే చోట కూర్చున్నాడు. గడ్డి ముందేసుకున్నాడు. పిల్ల చేసినట్టే ఒకటి చేసి గూట్లో దాచుకోవాలని వాడి ఆశ. చెట్టుకు కట్టడానికి కాదు, పేరు పిలిపించడానికి కాదు. ఊరికే చూసుకోవడానికి. నాలుగు మొనలు పొట్టిగా, ఒకటి పొడుగ్గా అల్లాలి. ఎంతలో పని!

అల్లాడు. తిన్నగా వచ్చింది. విప్పాడు. మళ్ళీ అల్లాడు. పొడుగు మొన అల్లబోతే ముక్కు దానంతటదే పోగు మడిచేసింది. ఊడిన కొస వదిలేయబోతే దాన్ని లోపలికి నెట్టేసింది. పిల్ల ఆ పోగు ఎటునుంచి ఎటు తిప్పిందో ఎంత తలుచుకున్నా గుర్తురాలేదు. వాడు దాన్ని ఎప్పుడు సరిగ్గా చూశాడు గనక? తప్పులే చూశాడు. లేయమ్మ వచ్చి పక్కన కూర్చుంది. వాడు ఏడుస్తూనే విప్పాడు, ఏడుస్తూనే అల్లాడు. పొద్దువాలేదాకా అల్లాడు.

ప్రతిసారీ ఐదు మొనలూ సమానంగానే వచ్చాయి.

నీతి: పిల్లలు చేసినదాన్ని అందంగా లేదని మార్చకండి. మార్చాక మీ పనితనం మిగులుతుంది, పిల్లలది మిగలదు.