తొకుజి కాలి కొలత

"నాకు గుండు గీసి సన్యాసం ఇవ్వండి స్వామీ. ఈ మఠంలో ఏ మూలనో పడి ఉంటాను," అన్నాడు ర్యోసాకు.

తెస్సాన్ గురువు గడ్డితాడు పేనుతున్నాడు. తలెత్తలేదు. జపాన్‌లో ఆ కొండసీమ ఏడాదికి ఐదు నెలలు మంచులో కూరుకుపోయి ఉంటుంది. ఆ ఐదు నెలలూ మఠంలో అందరికీ ఒకటే పని, వరిగడ్డితో మంచుజోళ్ళు అల్లడం.

ర్యోసాకును ఎరగనివాళ్ళు ఆ లోయలో లేరు. దేశదేశాల వాళ్ళూ కలిసి మంచు మీద ఆటలపోటీలు పెట్టుకోవడం అప్పుడప్పుడే మొదలైంది. యూరప్‌లో జరిగిన అలాంటి పోటీకి ఇక్కడినుంచి నలుగురు స్కీ ఆటగాళ్ళు ఓడెక్కి వెళ్ళారు. నాయకుడు ర్యోసాకు. నాలుగోవాడు తొకుజి. పక్క ఊరి పిల్లాడే. 'అన్నా, అన్నా' అంటూ ర్యోసాకు వెనకాల తిరిగి స్కీ నేర్చుకున్నాడు.

పందెంలో నియమం ఒకటే. నలుగురూ గీత దాటాలి, ఆఖరివాడు దాటినప్పుడే లెక్క. ర్యోసాకుకు ఆ సంగతి తెలియక కాదు. కానీ పుట్టిన దగ్గర్నుంచీ ముందొచ్చినవాడికే చప్పట్లు కొట్టడం చూసినవాడాయె! సగం దారిలో మంచుతుఫాను లేచింది. అయినా ర్యోసాకు కాళ్ళు ఆగలేదు. ఇద్దరు అతని వెంటే వచ్చారు. తొకుజి రాలేదు.

గంట తర్వాత వేరే దేశంవాళ్ళు తొకుజిని చెక్కబండి మీద పడుకోబెట్టి లాక్కొచ్చారు. కుడికాలి వేళ్ళు గడ్డకట్టుకుపోయాయి. ఐదూ తీసేశారు. జట్టు పేరు జాబితాలోంచి కొట్టేశారు.

"గాలి హోరులో వాడు పిలిచినా నాకు వినపడలేదు." అధికారులకూ, పత్రికలవాళ్ళకూ, కన్నతల్లికీ ర్యోసాకు చెప్పింది ఇదే. గురువుకూ ఇదే చెప్పాడు.

తిరిగొచ్చి ఏడాదైంది. ఒక్కసారైనా తొకుజి గడప తొక్కలేదు. అన్నం సయించదు, కన్ను మూత పడదు. స్కీ చెక్కల్ని విరిచి పొయ్యిలో పెట్టాడు. అయినా ఏం లాభం?

"కాదంటే చెప్పండి స్వామీ, ఆ లోయలో దూకి చస్తాను."

"గుండు గీయడం ఎంతసేపు?" అన్నాడు గురువు. "ముందు తొకుజికి ఒక జత జోళ్ళు అల్లు."

ర్యోసాకు గడ్డి ముందు కూర్చున్నాడు. మెలితిప్పిన పోచ తిప్పినట్టే పుటుక్కున తెగిపోయింది. గురువు దోసెడు నీళ్ళు తెచ్చి గడ్డి మీద చల్లాడు.

"ఎండుగడ్డి మెలి పడదు. తడవాలి," అన్నాడు.

మూడు రోజులు అల్లాడు. వేళ్ళు కోసుకుపోయాయి. జోళ్ళు మాత్రం ముచ్చటగా కుదిరాయి. గురువు కుడిజోడులోకి చెయ్యి పెట్టి కొసదాకా తడిమి చూశాడు. తర్వాత ఒక పోచ పట్టుకుని లాగి, తీరిగ్గా, జోడంతా ఊడదీశాడు.

"అయ్యో స్వామీ! మూడు రోజుల కష్టం!"

"ఎవరి కాలికి అల్లావు?"

"తొకుజి కాలికే. వాడి కాలు నాకు తెలియదా?"

"అది నిరుటి కాలు," అన్నాడు గురువు. రెండు గడ్డిపోచలు తీసి అతని చేతిలో పెట్టాడు. "వెళ్ళి కొలత తీసుకురా."

"అదొక్కటీ చెప్పకండి స్వామీ. ఇంకేదైనా చేస్తాను. ఆ ఇంటికి పోలేను." కాళ్ళమీద పడ్డాడు, ఏడ్చాడు. గురువు ఊడదీసిన గడ్డిని సర్దుకుంటూ కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున తొకుజి తల్లి తలుపు తీసింది. ర్యోసాకును ఎగాదిగా చూసింది.

"ఇప్పటికి తోవ తెలిసిందా నాయనా?" అని లోపలికి పోయింది.

తొకుజి పొయ్యి పక్కన గోడకు ఆనుకుని ఉన్నాడు. సగానికి సగం తగ్గిపోయాడు.

"జోళ్ళకు కొలత తీసుకుందామని వచ్చాను," అన్నాడు ర్యోసాకు. ఏడాది తర్వాత ఆడిన మొదటి మాట అది! తన మీద తనకే అసహ్యం వేసింది.

తొకుజి కాళ్ళు చాపాడు. ఎడమకాలి కొలత తేలిగ్గానే అయిపోయింది. ర్యోసాకు కుడికాలికి చుట్టిన గుడ్డ విప్పి, ఆ కాలు తన ఒళ్ళో పెట్టుకున్నాడు. కాలు మధ్యలో ఆగిపోయినట్టుంది. ర్యోసాకు గడ్డిపోచ పక్కన పెట్టాడు.

"తొకుజీ. ఆ రోజు నువ్వు పిలిచావు."

"పిలిచాను."

"నాకు వినపడింది రా."

"తెలుసు. గాలి ఒక్క క్షణం తెరిపిచ్చింది. నువ్వు వెనక్కి తిరిగి చూశావు. నాకు కనపడ్డావు."

"మరి ఎవరికీ చెప్పలేదేం?"

"నువ్వొచ్చి చెబుతావని." తొకుజి పొయ్యిలో నిప్పు వైపు చూస్తున్నాడు. "మొదట్లో రోజూ తలుపు వైపు చూసేవాణ్ణి. తర్వాత మానేశానన్నా."

ర్యోసాకు ఆ కాలి మీదికి వంగిపోయి భోరుమన్నాడు. తొకుజి ఊరుకోమని అనలేదు, కాలు వెనక్కి తీసుకోనూ లేదు. తర్వాత ర్యోసాకు రెండో పోచను కన్నీళ్ళకు తడిసిన ఆ కాలి మడమ నుంచి చాపి, కాలు ఆగినచోట తుంచాడు.

మఠానికి వచ్చి రెండు పోచలూ గురువు ముందు పెట్టాడు. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. గుండు ఊసు ఎత్తలేదు.

గురువు పొట్టి పోచను తీసి వేళ్ళ మధ్య రాసి చూశాడు.

"తడిగానే ఉంది," అన్నాడు. "ఆరకముందే మొదలుపెట్టు."