రేపు వస్తానన్న అధ్యక్షురాలు

గుట్ట మీద చిన్న రాతిదొన ఒకటి ఉంది. వేసవిలో ఏనుగులు రోజూ ఏటి నుంచి తొండాలతో నీళ్లు మోసి దాన్ని నింపాలి. పొద్దున నింపితే సాయంత్రానికి మందలు తాగేస్తాయి. ఏనుగుల చేత ఆ పని చేయించడానికి దొరస్వామి అనే నక్కను ఎన్నడో నీటి అధికారిగా వేశారు. అధ్యక్షులు ఎందరో మారారు గానీ, దొరస్వామి కుర్చీ మాత్రం కదల్లేదు.

పోయిన వేసవిలో దొన ఎండిపోయింది. బొల్లక్క అనే గొర్రెకు ఉన్న ఒక్క పిల్ల దాహానికి తాళలేక ఏటి రేవుకు పోయింది. రేవులో తోడేలు కాపు కాస్తుందని దానికేం తెలుసు? తిరిగి రాలేదు. ఆ కడుపుకోతతోనే బొల్లక్క అడవి అధ్యక్ష ఎన్నికల్లో నిలబడి గెలిచింది. తల వంచుకుపోయే జాతే కదా అని దొరస్వామి లోలోపల సంబరపడి, అందరికన్నా ముందు తానే దండ వేశాడు.

ఆ రోజే బొల్లక్క దొన సంగతి అడిగింది. చూస్తున్నామన్నాడు. మళ్లీ అడిగితే ఏనుగులకు కాళ్లనొప్పులన్నాడు. కేకలేస్తే, అంతా పరిశీలనలో ఉందని ఎంతో వినయంగా చెప్పాడు. ఆ వినయానికి ఎవరికైనా ఒళ్లు మండుతుంది. పోనీ తీసేద్దామంటే అడవి సభ ఒప్పుకోవాలి. అధికారి తప్పు కళ్లారా చూస్తే తప్ప సభ ఒప్పుకోదు. సభ గుట్టెక్కుతుందని ముందే తెలిస్తే చాలు, దొరస్వామి దొన నింపించేస్తాడు.

సరేనని, రేపు దొన చూడ్డానికి వస్తున్నానని కబురు పెట్టింది. వెళ్లేసరికి అంచుల దాకా నీళ్లు, చుట్టూ మామిడాకుల తోరణాలు. పిల్లలన్నీ కడుపారా తాగుతుంటే బొల్లక్క మురిసిపోయింది. మర్నాడు చూస్తే దొనలో చుక్క లేదు. ఇంత మోసమా అని ఏడుపొచ్చింది. ఏడ్చి ఏడ్చి, తేరుకున్నాక ఆలోచించింది. ఈయనకు పిల్లల దాహమంటే లెక్కలేదు, ఖాళీ దొన నా కంట పడుతుందేమోనన్నదే దిగులు.

ఆ సాయంత్రం మళ్లీ కబురు పెట్టింది, రేపు వస్తున్నానని. దొన నిండింది. తను మాత్రం వెళ్లలేదు. ఏదో పని తగిలింది, రేపు తప్పకుండా వస్తానంది. మర్నాడూ నిండింది, ఆ మర్నాడూ నిండింది. పిల్లలు రేవు దారే మరిచిపోయాయి. తోరణాలు కట్టీ కట్టీ దొరస్వామికి నడుం పడిపోయింది. ఆఖరికి తనే వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మా, తమరొచ్చే రోజేదో ఖాయంగా చెబితే ఏర్పాట్లు బాగా చేస్తాం."

"ఏం చేయను దొరసామిగారూ, ఊపిరాడని పనులు. రేపు మాత్రం తప్పకుండా వస్తాను."

ఈవిడ వచ్చేదీ లేదు, పాడూ లేదు అనుకున్నాడు దొరస్వామి దారిలో. ఏనుగులకు సెలవిచ్చి హాయిగా పడుకున్నాడు.

తెల్లారి దొన దగ్గరికెళ్లిన గొర్రెపిల్లలు ఎండిన నోళ్లతో బొల్లక్క దగ్గరికి పరిగెత్తుకొచ్చాయి. ఆమె ఒక్క క్షణం ఆలస్యం చేయలేదు. సభనంతా వెంటబెట్టుకుని గుట్టెక్కింది. హడావిడిగా నిద్రలేచి వచ్చిన దొరస్వామి ఖాళీ దొన పక్కన నిలబడి నీళ్లు నమిలాడు.

"ముందు చెప్పకుండా ఇలా వచ్చేస్తే ఎలాగమ్మా?" అన్నాడు.

"రోజూ చెబుతూనే ఉన్నాను కదండీ," అంది బొల్లక్క.

సభ అక్కడికక్కడే తీర్మానం చేసింది. దొన బాధ్యత ఎలుగుబంటికి అప్పజెప్పి, దొరస్వామిని ఏటి రేవుకు బదిలీ చేశారు. అక్కడ ఇప్పుడు ఆయన ఒక గుక్క తాగడం, తోడేలు వస్తోందేమోనని వెనక్కి చూడడం. ఎలుగుబంటికి కూడా బొల్లక్క మొదటి రోజే కబురు పెట్టింది, రేపు వస్తానని.

నాయకుడు వచ్చే రోజు తెలిస్తే ఆ ఒక్కరోజే పని జరుగుతుంది, తెలియకపోతే రోజూ జరుగుతుంది.