గోడవైపు మూత

హేమచంద్రకి మూడు రోజులుగా అన్నం సయించడం లేదు. ఆదివారం కచేరీ ఉంది. కానీ అతని బెంగ కచేరీ గురించి కాదు, ఒక కామెంటు గురించి.

అతనికి రెండు బ్లాగులున్నాయి. మొదటిది అతని పేరుమీదే నడిచే మృదంగం పాఠాల బ్లాగు. పిల్లలు, వాళ్ళ తల్లిదండ్రులు, సభల కార్యదర్శులు అందరూ చదువుతారు. కొత్త శిష్యులొచ్చినా, కచేరీలొచ్చినా దాని పుణ్యమే. రెండోదానికి తన పేరు పెట్టుకోలేదు. వేదికెక్కితే చెయ్యి వణుకుతుందనీ, అమ్మ పోయాక ఏడాదిపాటు వాద్యం ముట్టలేదనీ అందులో రాసుకున్నాడు. ఎవరో రెండూ చదివి పోలిక పట్టేశారు. పాఠాల బ్లాగులో, నలుగురూ చూసేచోట, "ఆ వణికే చెయ్యి మీదేనా?" అని అడిగారు.

మృదంగం భుజానికి తగిలించుకుని అనకాపల్లిలో గురువు జగ్గప్పగారి ఇంటికి వెళ్ళాడు. సాధనకి కూర్చుని, గుమికి పలకడానికి ఎడమ మూతకి తడి రవ్వ ముద్ద అద్ది, శ్రుతి చూసుకున్నాడు గానీ చేతులు ఆడలేదు. తన గోడు ఆయన ముందు వెళ్ళబోసుకున్నాడు. అసలు బ్లాగంటే ఏమిటో ఆయనకి చెప్పేసరికే తలప్రాణం తోకకొచ్చింది. చివరికి, ఆ పేరులేనిది తీసేస్తే తన పరువు దక్కుతుందన్నాడు.

జగ్గప్పగారు మృదంగం వైపు చూశారు.

"ఆ రవ్వ తీసెయ్యి. కచేరీలో సభవైపు ఉండేది కుడి మూతేగా. ఎడమది గోడకేసి ఉంటుంది, ఎవడు చూడొచ్చాడు?"

గురువు మాట కాదనలేక రవ్వంతా గీకి గిన్నెలో వేశాడు. ఆయన తాళం వేస్తూ సన్నగా పాడుతుంటే వాయించాడు. కుడిచేతి పలుకులు శుభ్రంగానే వచ్చాయి. ఎడమచేతి కింద మాత్రం ఒట్టి తోలు చప్పుడు. నాలుగు ఆవర్తాలు తిరక్కుండానే తనకే వెగటు పుట్టి ఆపేశాడు.

"అయితే రెండూ కలిపేస్తాను గురువుగారూ," అన్నాడు కంగారుగా. "అంతా పాఠాల బ్లాగులోనే పెట్టేస్తాను."

జగ్గప్పగారు గిన్నెలోని తడి ముద్ద తీసి, తాపీగా కుడి మూత మధ్యనున్న నల్లమచ్చ మీదికి తీసుకెళ్ళారు.

హేమచంద్ర ఆయన చెయ్యి పట్టేసుకున్నాడు. పన్నెండేళ్ళ శుశ్రూషలో పాదాలు తప్ప ముట్టి ఎరగడు.

"వద్దండీ. తడి తగిలితే మూత పాడైపోతుంది."

అన్నాక గానీ తనేం చేశాడో తెలియలేదు. చటుక్కున వదిలేశాడు. వేళ్ళు వణుకుతున్నాయి. గురువుగారి కంట పడ్డందుకు సిగ్గుతో చచ్చిపోయాడు. ఆయన రవ్వ ముద్దని ఆ వణుకుతున్న అరచేతిలోనే పెట్టారు.

హేమచంద్ర దాన్ని ఎడమ మూతకి అద్ది, వేలితో సర్ది, ఒక్కసారి వాయించాడు. గది నిండా గుమ్మని పలికింది. అయినా లోపలి బెదురు పోలేదు.

"మరి ఆ అడిగినవాళ్ళకి ఏం చెప్పను? ఇన్నాళ్ళూ దాచాననుకోరా?"

"నలభై ఏళ్ళు ఎడమ మూత గోడకేసి పెట్టి వాయించాను," అన్నారు జగ్గప్పగారు. "దాచావని నన్నెవరూ అనలేదురా."

హేమచంద్ర జేబులోంచి ఫోను తీసి, ఆ కామెంటు కింద "అవును, నాదే" అని రాశాడు. ఫోను పక్కన పెట్టి, రవ్వ ఆరకముందే మృదంగం ముందుకి లాక్కున్నాడు.